నీళ్లు తేరుకోవాలంటే



మా చిన్నతనంలో తొలకరి వాన పడిన మర్నాడు ఇంట్లో ఒక పని తప్పకుండా ఉండేది. ఆడవాళ్లు చెరువు నుంచి మోసుకొచ్చిన నీళ్లు ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా ఉండేవి. మా అవ్వ గూట్లోంచి ఒక చిల్లగింజ తీసి, సాన మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి అరగదీసేది. గంధంలా దిగిన దాన్ని కడవలో కలిపి, "ఎవరూ కదపొద్దండి, తేరుకోనీండి" అని చెప్పి తన పనిలోకి పోయేది. పొద్దు వాలేసరికి పైన తేటనీరు, అడుగున ఎర్రటి బురద. తేటనీటిని వేరే బిందెలోకి వంచుకున్నాక ఆ బురదను అవ్వ వీధిలో పారబోసేది కాదు. పెరట్లో మునగచెట్టు పాదులో పోసేది. ఎందుకంత జాగ్రత్త అని ఒకసారి అడిగాను. "అది మన చేని మన్నేరా. బజార్లో పారేస్తారా ఎవరైనా?" అంది.

అప్పుడది పెద్దవాళ్ల చాదస్తంలా అనిపించింది. అనంతపురం జిల్లా మెట్టచేల గట్ల వెంట ఏళ్ల తరబడి తిరిగాక గానీ ఆ మాట లోతు తెలియలేదు. ఈ రోజుల్లో నేల గురించి మాట్లాడేవాళ్లు ఒకరు, నీళ్ల గురించి మాట్లాడేవాళ్లు మరొకరు. చేను రైతు సంగతి, చెరువు ఊరి సంగతి, తాగునీరు పంచాయతీ సంగతి. వాన చినుక్కి ఈ పంపకాలు తెలియవు. గుట్ట మీద పడి, చేల మీదుగా నడిచి, వంకలోకి దిగి, చెరువులో చేరి, అక్కడి నుంచి భూమిలోకి ఇంకి, చివరికి బావి గుండానో బోరు గుండానో మన చెంబులోకి వస్తుంది. దారిలో ఏది తగిలితే దాన్ని మోసుకొస్తుంది. చెంబులో నీళ్లు బాగుండాలంటే చేలో మన్ను కదలకుండా ఉండాలి. ఇవాళ మీతో చెప్పుకోవాలనుకున్నది ఇదే.

మా జిల్లాకు ఏడాదిలో కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. అది కూడా పద్ధతిగా కురవదు. నెల రోజులు మబ్బు మొహం కనిపించదు, ఆ తర్వాత ఒక్క సాయంత్రం గంటసేపు కుండలతో గుమ్మరించినట్టు పడుతుంది. మావి ఎక్కువగా ఎర్ర నేలలు. చాలా చోట్ల జానెడు, మూరెడు లోతు దాటితే గరుసే. పైన ఉన్న ఆ కాస్త మట్టే మా ఆస్తి.

ఆ గంట వానలో ఏం జరుగుతుందో గట్టు మీద కూర్చుని గమనించాను. ఖాళీ నేల మీద పెద్ద చినుకు పడినప్పుడు చిన్న సుత్తితో కొట్టినట్టు మట్టిగడ్డ చితుకుతుంది. చితికిన మెత్తటి మన్ను నేలలోని సందులన్నీ పూడ్చేస్తుంది. కాసేపటికి పైన అట్ట కడుతుంది. అక్కడి నుంచి నీళ్లు లోపలికి దిగే దారి ఉండదు, వాలు పట్టుకుని పరుగెత్తుతాయి. ముందుగా కొట్టుకుపోయేది తేలికైన బంకమన్ను, దానితో పాటు కుళ్లిన ఆకూ అలమూ కలిసిన సత్తువ. పాల మీద మీగడ తీసేసినట్టు అది పోతుంది. ఇసుక, గరుసు మిగులుతాయి. అందుకే పాత రైతులు "ఈ చేను ముందు ఇంత రాళ్ల చేను కాదు" అంటుంటారు. రాళ్లు కొత్తగా పుట్టలేదు, వాటి మీద మన్ను పోయింది.

లెక్క వేసి చూడండి. ఎకరా చేలో ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోయిందంటే, అది గోరు మందం ఉంటుందో ఉండదో, బరువు మాత్రం 5 టన్నులు దాటుతుంది. దాన్ని ఎవరైనా ట్రాక్టరుకెత్తి తోలుకుపోతుంటే మనం అడ్డం పడతాం, పోట్లాడతాం. వాన తోలుకుపోతే మనకు కనిపించదు. నీటి లెక్క కూడా అలాంటిదే. ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే అది 4 వేల లీటర్లు. 20 మిల్లీమీటర్ల వాన అంటే 80 వేల లీటర్లు. అది ఇంకితే పంటకు పదును, పారితే చెరువుకు బురద.

మా వేరుశనగ సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ పంటతో మా జిల్లా బతికింది, పిల్లల్ని చదివించుకుంది. కానీ నేల వైపు నుంచి చూస్తే అది ఖర్చుతో కూడిన పంట. విత్తనం పడి, మొక్క మొలిచి, ఆకు నేలను కప్పేదాకా చేను నోరు తెరుచుకునే ఉంటుంది. కోత అనే మాటే లేదు, చెట్టును వేళ్లతో సహా పీకేస్తాం. కట్టె పశువులకు పోతుంది. నేల గుల్లబారి, మీద ఒక్క ఆకు లేకుండా ఉన్న సమయంలోనే ఒక్కోసారి ఆశ్వయుజ, కార్తీకాల తుపాను వానలు వచ్చి పడతాయి. ప్రతి ఏడూ అదే పంట, అదే పీకుడు. నేలకు వేరు మిగలదు.

మీరు ఇంట్లోనే చేసి చూడగలిగిన పరీక్ష ఒకటి చెబుతాను. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోయండి. ఏటా దున్నే చేను మధ్య నుంచి నిమ్మకాయంత ఎండిన మట్టిగడ్డ ఒకటి, అదే చేని గట్టు మీద గడ్డి దుబ్బు కింద నుంచి అంతే ఎండిన గడ్డ ఇంకొకటి తీసుకోండి. రెండింటినీ మెల్లగా చెరొక గ్లాసులో వదలండి. నేను ఎన్నో ఊళ్లలో రచ్చబండ మీద ఈ పరీక్ష పెట్టాను. చేని గడ్డ బుడగలు వదులుతూ రెండు మూడు నిమిషాల్లో ఉప్మారవ్వలా జారిపోతుంది, నీళ్లు ఎర్రబారతాయి. గట్టు గడ్డ చాలాసేపు గడ్డలాగే కూర్చుంటుంది, దాని చుట్టూ నీళ్లు తేటగా ఉంటాయి. ఒకే ఊరు, ఒకే చేను, ఒకే మట్టి. గడ్డి వేళ్లు, వాటి చుట్టూ బతికే సూక్ష్మజీవులు వదిలే జిగురు ఆ గడ్డను పట్టుకుని ఉంటాయి. దున్ని దున్ని, ఎండబెట్టి, ఎరువు వేయకుండా వదిలేసిన చేలో ఆ జిగురు చచ్చిపోయింది. ఒక ఊళ్లో ఈ పరీక్ష చూసిన పెద్దావిడ రెండో గ్లాసు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "అయితే మా చేనికి అన్నం లేదు నాయనా" అంది. ఇంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పదు.

పారిపోయిన మన్ను ఎక్కడికి పోతుంది? ముందుగా ఊరి చెరువుకు. చెరువు పూడితే వర్షాకాలంలో మరువ తొందరగా పారుతుంది. చూడ్డానికి సంబరంగానే ఉంటుంది గానీ, సంక్రాంతి దాటేసరికి చెరువు అడుగు పగుళ్లిస్తుంది. అక్కడ ఆగని మన్ను వాగులకు, నదులకు పోతుంది. మా జిల్లాకు ఎగువ కాలువ నీళ్లిచ్చే తుంగభద్ర డ్యామే సాక్ష్యం. 1953లో నీళ్లు నింపిన నాడు దాని సామర్థ్యం 132 టీఎంసీల పైచిలుకు. ఇప్పుడు 105 టీఎంసీల పైచిలుకే. తగ్గిన ఆ 26, 27 టీఎంసీల జాగాలో పై ఎత్తున ఉన్న కొండల మన్ను, గనుల మన్ను, చేల మన్ను కూర్చుని ఉంది. ఆ నీళ్ల కోసం మూడు రాష్ట్రాలు ఏటా లెక్కలు కట్టుకుంటున్నాయి. ఆ పూడికలో వేలాది రైతుల చేల మీది మన్ను ఉందని మాత్రం తలుచుకోం.

మన్ను ఒంటరిగా కూడా పోదు. ఇది తాగునీటి సంగతి కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. మనం చల్లే ఎరువుల్లో భాస్వరం మట్టి రేణువుకు అంటుకుంటుంది. మన్ను పోతే డీఏపీ బస్తాకు పెట్టిన డబ్బు కూడా దాని వీపు మీద ఎక్కి చెరువుకు పోతుంది. చేలో పంటకు అందని ఆ బలం చెరువులో నాచుకు, గుర్రపుడెక్కకు అందుతుంది. నీళ్లు పచ్చబడతాయి, వాసన వస్తాయి, చేపలకు ఊపిరాడదు. యూరియా దారి వేరు. అది నేలలో నైట్రేటుగా మారి నీళ్లలో కరిగి, మన్ను తోడు లేకుండానే కిందికి దిగుతుంది. బావిలోకీ బోరులోకీ చేరుతుంది. తాగేనీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండకూడదని మన దేశ ప్రమాణం. ఎక్కువైతే ముందుగా దెబ్బ తగిలేది డబ్బా పాలు తాగే నెలల పిల్లలకు. ఆ నీళ్లతో పాలు కలిపితే రక్తం ప్రాణవాయువును మోయలేక బిడ్డ పెదవులు, గోళ్లు నీలం తిరుగుతాయి. తల్లులు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. నైట్రేటు కాచితే పోదు. నీరు ఆవిరై, మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. మా అవ్వ చిల్లగింజ బురదను దించగలదు గానీ నైట్రేటును దించలేదు.

ఎరువుల బస్తాను ఒక్కదాన్నే అనడం న్యాయం కాదు. ఊరి మధ్య, బోరింగు పక్కనే పేడదిబ్బలు పోస్తాం. దిబ్బ ఊట, మురికి గుంట నీళ్లు అక్కడే ఇంకుతాయి. అవీ నైట్రేటే. దిబ్బను గుంటలో వేసి, అడుగున మన్ను మెత్తి, తాగే బోరుకు దూరంగా, పల్లానికి పెట్టుకుంటే సగం బాధ తీరుతుంది, ఎరువు సత్తువా నిలుస్తుంది. మీ బోరు నీళ్లు ఎలా ఉన్నాయో గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోవచ్చు. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లవాళ్లు అది కూడా చూపించుకోండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. పై నీరు ఇంకక, బోర్లు వందల అడుగులు లోతుకు పోయేకొద్దీ, రాతి సందుల్లో ఎన్నాళ్లుగానో నాని ఫ్లోరైడ్ పట్టిన నీటిని మనం తోడుకుంటున్నాం. చేలో నిలబెట్టిన వాన నీరు కొత్తగా కిందికి దిగితే ఆ పాత నీటికి కాస్త పలుచన వస్తుంది.

మన పెద్దవాళ్లకు ఈ సంగతులు తెలియవనుకోవద్దు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. రెండేళ్ల పాటు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పని చేశాయని అందులో రాసి ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెప్పారు. దోషాల్లో చౌడు నేల ఒకటి, కట్ట నుంచి నీరు కారడం ఒకటి, కొద్ది నీటికి పెద్ద ఆయకట్టు పెట్టుకోవడం ఒకటి. చెరువు కట్టేవాడు నీటి కంటే ముందు నేలను చదవాలని ఆరున్నర శతాబ్దాల కిందటే రాతి మీద చెక్కి పెట్టారు.

చెరువులో చేరిన మన్నును మళ్లీ చేలకు తోలుకునే పద్ధతి కూడా మనకు కొత్త కాదు. ఎండాకాలంలో చెరువు ఎండగానే బండ్లు కట్టేవాళ్లు. నల్లటి ఒండ్రును ఎర్ర చేలకు తోలి, కుప్పలు పోసి, తొలివానకు ముందు నెరిపేవాళ్లు. ఒండ్రులోని బంకమన్ను నీటిని పట్టుకుంటుంది. రెండు వానల మధ్య ఎడం వచ్చినప్పుడు ఒండ్రు తోలిన చేను ఇంకొన్ని రోజులు పచ్చగా నిలబడుతుంది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేల పైచిలుకు చెరువుల పూడిక తీయాలని పెట్టుకున్నప్పుడు, ఆ మన్నును రైతులు సొంత ఖర్చుతో తోలుకుపోయారు. దాని విలువ రైతుకు తెలుసు. అయితే ఊరి మురుగు కలిసే చెరువుల ఒండ్రును పరీక్ష చేయించకుండా చేలో పోయకండి.

పూడిక తీయడం మంచిదే. పై చేలు అలాగే కారుతుంటే మాత్రం ఆ పనికి అంతుండదు. ఇందులో నాకు తగిలిన ఒక దెబ్బ చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక ఊళ్లో వంకకు అడ్డంగా చెక్‌డ్యాం కట్టించాలని నేనూ పట్టుబట్టినవాడినే. కట్టారు, గట్టిగానే కట్టారు. పైనున్న గుట్ట మీద చెట్టు లేదు, చేలకు గట్లు లేవు. పది మంది ఆ మాట అన్నారు, నాకు మాత్రం సిమెంటు కట్టే కనిపించింది. మూడో ఏట తుపాను వానకు చెక్‌డ్యాం అంచు దాకా ఇసుకతో నిండిపోయింది. దాని మీద నడిచి అవతలికి పోవచ్చు. ఆ రోజు గట్టున నిలబడి నేను పడిన బాధ ఇంకా పోలేదు. పని గుట్ట మీద మొదలై చేల మీదుగా వంకకు దిగాలి. మన తెలుగువాడు, ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు గారి అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1994లో ఇచ్చిన నివేదిక వల్ల ఇలా గుట్ట నుంచి వంక దాకా చేసే వాటర్‌షెడ్ పనులు ఊరివాళ్ల చేతికి వచ్చాయి. ఊరివాళ్లు దిగితే గుట్టను మరిచిపోరు, ఎందుకంటే వాళ్ల మేకలు మేసేది అక్కడే.

గుట్ట మీద కందకాలు, రాతి కట్టలు అయ్యాక అసలు చిక్కు చేల గట్ల దగ్గర వస్తుంది. ఇద్దరు రైతుల మధ్య గట్టు ఒకప్పుడు బండి పట్టేంత వెడల్పు ఉండేది. ఏటా దున్నేటప్పుడు ఈయన ఒక సాలు, ఆయన ఒక సాలు లోపలికి జరుపుతారు. పదేళ్లకు గట్టు జానెడవుతుంది, ఇరవై ఏళ్లకు గుర్తుగా నాలుగు రాళ్లు మిగులుతాయి. దొరికింది ఒక సాలు పంట. పోయింది నీటిని ఆపే గోడ. మా వైపు ఒక అన్నదమ్ముల సంగతి చెబుతాను. గట్టు మీద మాట పట్టింపు వచ్చి నాలుగేళ్లు పలకరింపులు లేవు. ఒక పెద్దవానకు పై చేని నీళ్లు తమ్ముడి చేలోంచి తెగ్గొట్టుకుని పోయి నడుంలోతు కోత పెట్టాయి. అప్పుడు అన్నే ముందు పార పట్టుకుని వచ్చాడు. "నా చేని మన్నే నీ చేలోంచి పోయింది కదప్పా, కోత ఇద్దరిదీ" అన్నాడు. ఇద్దరూ కలిసి మూడడుగుల గట్టు వేసి, నీళ్లు దిగే మూలలో రాళ్లు పేర్చారు. గట్టు మీద గడ్డి నాటి, నడుమ నడుమ గిరిపుష్పం కొమ్మలు పాతారు. ఆ కొమ్మల ఆకు ఇప్పుడు రెండు చేలకూ పచ్చిరొట్ట ఎరువు.

వాలుకు అడ్డంగా దున్నండని పాతికేళ్లుగా చెబుతున్నాం. చేను పొడవు వాలు వెంబడే ఉంటే ట్రాక్టరు అటే తిరుగుతుంది, డీజిలు కలిసొస్తుందని. ఆ నిలువు సాళ్లే వాన రోజున కాలువలవుతాయి. మీ ఊళ్లో బాడుగ ట్రాక్టరు నడిపే పిల్లవాడితో ఈ మాట ముందే చెప్పుకోండి, ఒక గంట బాడుగ ఎక్కువైనా సరే. వేరుశనగలో కంది సాళ్లు పెట్టుకోండి. చనక్కాయ పీకేశాక కూడా కంది నిలబడి ఉంటుంది, నేలకు వేరు మిగులుతుంది. ఈ మధ్య ప్రకృతి సేద్యం చేసేవాళ్లు వానలకు ముందే పొడి నేలలో నవధాన్యాలు చల్లి, పైన చెత్తా కసవూ కప్పుతున్నారు. వేసవిలో పడే రెండు మూడు జల్లులకే అవి మొలిచి, పెద్దవాన వచ్చేనాటికి చేను ఖాళీగా ఉండదు. ఆ పచ్చని చేల మధ్య నిలబడినప్పుడు నాకు గ్లాసులోని రెండో గడ్డ గుర్తొచ్చింది.

మన్ను నీటితోనే పోదు, గాలితోనూ పోతుంది. బొమ్మనహాళ్, కణేకల్లు వైపు వేదవతి ఒడ్డు చేలలోకి ఇసుక మేటలు నడిచి వస్తుంటాయి. అక్కడ చెట్ల వరుసే కట్ట.

ఖర్చు ఎవరు పెడతారని అడుగుతారు. గట్టుకు, కందకానికి, నీటికుంటకు ఉపాధి హామీలో చోటుంది. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మా జిల్లా బండ్లపల్లిలోనే. పని అడిగేటప్పుడు గ్రామసభలో "మా చేనికి గట్టు" అని పేరు పెట్టి అడగండి. నీటికుంట తవ్వితే నీళ్లు వచ్చే వైపు చిన్న గుంట ఒకటి ముందు పెట్టించుకోండి, మన్ను అక్కడ దిగి నీళ్లు ముందుకు పోతాయి. రెండు వానలకోసారి ఆ గుంటలోని మన్ను ఎత్తి తిరిగి చేలో వేసుకోండి. అవ్వ మునగపాదులో పోసినట్టే.

మృగశిర కార్తె దగ్గర పడింది. ఈసారి మొదటి పెద్దవాన పడినప్పుడు ఇంట్లో కూర్చోకండి. ఉరుములు మెరుపులు తగ్గాక గొడుగు పట్టుకుని చేను దాకా పోయి రండి. నీళ్లు ఏ మూల నుంచి బయటికి దూకుతున్నాయో, గట్టు ఎక్కడ తెగుతోందో ఆ అరగంటలోనే కనిపిస్తుంది, మర్నాటికి జాడ ఉండదు. ఆ మూలలో ఒక కర్ర పాతి గుర్తు పెట్టండి. పారే నీళ్లను ఒక సీసాలో పట్టి ఇంటికి తెచ్చి కిటికీలో పెట్టండి. తెల్లారేసరికి అడుగున ఎంత మన్ను దిగిందో పిల్లలకు చూపించండి. కర్ర పాతిన చోట రాళ్లు పేర్చడానికి ఇంకో వాన పడేదాకా వ్యవధి ఉంటుంది.